మేఘవరం నుంచి నింగివాడకు ఈరోజు దూరం

సోమవారం. దూరం 650 కి.మీ. ప్రయాణ సమయం 2 గంటల 36 నిమిషాలు.

బోర్డు మీద ఈ రెండు అంకెలు రాసి వెనక్కి తిరిగేసరికి మా వీధి రాములమ్మ నిలబడి ఉంది. "నిన్న ఆరొందల పాతికన్నావు కదే పైడమ్మా, ఇయ్యాలకే పెంచీసినావేటి?" అంది, ఉల్లిపాయల ధర నేనే పెంచినట్టు. నేను పెంచానా, గాలి పెంచింది. శుక్రగ్రహం నేల మీద సీసం కూడా కరిగిపోతుంది కాబట్టి ఇక్కడున్న రెండు ఊళ్ళూ బుడగలకు వేలాడుతూ మబ్బుల్లో గాలివాటున పోతుంటాయి. నింగివాడ ముందు పోతోంది, మా మేఘవరం వెనకపడుతోంది. రెండు ఏర్‌పోర్టుల మధ్య దూరం రోజుకో అంకె. ఆ అంకె లెక్కకట్టి బోర్డు మీద రాయడం, ఈ లాగ్ నింపడం నా ఉద్యోగం. రూలు ప్రకారం ఇందులో అంకెలే ఉండాలి. అంకెల పక్కన ఖాళీ ఎందుకు వదిలారో మరి, అది నేను వాడుకుంటున్నాను.

బీకన్ స్తంభం మీద పేరుకున్న యాసిడ్ జిడ్డు గీకి, గుడ్డతో తుడిచాను. మబ్బుల్లో కంటికి ఏదీ ఆనదు. పైలట్ బీకన్ కూత వినబడ్డ వైపు తిరిగి ఊరిని పట్టుకుంటాడు. అందుకని వంటింట్లో పొయ్యి తుడిచినా తుడవకపోయినా దీన్ని మాత్రం రోజూ తుడుస్తాను.

ఇక అసలు సంగతి. శుక్రవారం మా తమ్ముడు గౌరినాయుడి పెళ్ళి. పిల్ల నింగివాడ పిల్ల, పేరు తాయారు. వీడు బుడగలకు అతుకులు వేసే పని మీద అక్కడికి వెళ్ళి, అతుకులతోపాటు ఇదీ వేసుకొచ్చాడు. అమ్మ పోయేనాటికి వాడింకా పాకుతున్నాడు. వాడికి నేను అప్పనే గాని, అన్నం ముద్దలు పెట్టిన చెయ్యి కూడా నాదే.

రెండు ఊళ్ళకూ కలిపి ఉన్నది ఒక్క విమానం. దాని బ్యాటరీ ఆరు గంటలు వస్తుంది. అవతలి ఊరు దొరక్కపోతే వెనక్కి రావాలి కాబట్టి సగానికి మించి వాడే దూరానికి పంపకూడదు. అంటే 750 కిలోమీటర్లు, అదే గీత. రోజుకు పాతిక చొప్పున పెరిగితే శుక్రవారానికి సరిగ్గా ఆ గీత మీద ఉంటాం. దాటితే పెళ్ళి లేదు. మళ్ళీ ఎప్పుడు దగ్గరవుతామో గాలికే తెలియాలి. క్రితంసారి నాలుగేళ్ళు పట్టింది.

నాకు మధ్యాహ్నం నుంచి అన్నం సయించడం లేదు.

మంగళవారం. దూరం 690 కి.మీ. ప్రయాణ సమయం 2 గంటల 46 నిమిషాలు.

పాతిక కాదు, నలభై పెరిగింది.

నింగివాడలో దూరం చెప్పే మనిషి తాతబ్బాయి గారు. మా ఇద్దరికీ పదకొండేళ్ళుగా రోజూ రేడియోలో మాటలే, మొహాలు చూసుకున్నది ఒక్కసారి. పద్ధతి ఏమిటంటే, ఆయన లెక్క ఆయన కడతాడు, నా లెక్క నేను కడతాను. "ఒకటీ రెండూ మూడూ" అనుకుని ఇద్దరం ఒకేసారి అంకె చెబుతాం. రెండు అంకెల్లో పెద్దదే బోర్డెక్కుతుంది. భయపడేవాళ్ళ మాటే చెల్లాలని పూర్వం ఎవరో పెట్టిన పద్ధతి. దాదాపు ఎప్పుడూ నాదే పెద్దది.

ఈరోజు నాది 684, ఆయనది 690. ఆయన నన్ను మించేసరికి నా లెక్క మళ్ళీ మొదటి నుంచి కట్టాను.

"కంగారు పడకండమ్మా," అన్నాడు. "ఏదో ఒకటి చేసేద్దారండి. పెళ్ళి ఆగుద్దా ఏంటి?"

నింగివాడ వాళ్ళ తాతలు గోదావరి పక్క నుంచి వచ్చినవాళ్ళు. మా తాతలు విజయనగరం పక్కవాళ్ళు. మనిషి గడప తొక్కితే ప్రాణం పెట్టేస్తారు వాళ్ళు. అది పొగడ్త అనుకునేదాన్ని, ఆ సంఘటన జరిగేదాకా. మూడేళ్ళ కిందట మా విమానం రిపేరొచ్చి సగం రోజు ఆలస్యంగా వెళ్ళింది. స్వాగతానికి వచ్చినవాళ్ళు ఒక్కరు కూడా అంతసేపూ ఇంటికి పోలేదట, మంచినీళ్ళు ముట్టలేదట. ఒక పెద్దాయన కళ్ళు తిరిగి పడిపోయాడు. అదేమిటండీ అని అడిగితే, "చుట్టం దారిలో ఉండగా మనం తినేత్తే ఏం బాగుంటదండి?" అన్నాడు తాతబ్బాయి గారు. ఆయన దాన్ని చాలా మామూలుగా చెప్పాడు.

బుధవారం. దూరం 730 కి.మీ. ప్రయాణ సమయం 2 గంటల 55 నిమిషాలు.

ఇలాగే పోతే శుక్రవారానికి 810. ఊరి సభ పెట్టారు.

రెండు ఊళ్ళలో ఒకటి కదలాలి. పైకి లేస్తే గాలి జోరెక్కువ, ఊరు ముందుకు పోతుంది. కిందికి దిగితే గాలి నెమ్మది, ఊరు వెనకపడుతుంది. మేం లేచినా దూరం తగ్గుతుంది, వాళ్ళు దిగినా తగ్గుతుంది. లేస్తే చలి, బుడగల్లో గ్యాసు ఖర్చు. దిగితే వేడి. రెండు కిలోమీటర్లు దిగితే రోళ్ళు పగిలే రోహిణీకార్తె ఎండంటారు. మాలో ఎవరూ రోహిణీకార్తె చూడలేదు, రోలూ చూడలేదు. మాట మాత్రం తాతలతోపాటు వచ్చేసింది.

మా సర్పంచి సన్యాసమ్మ ముందు బిగుసుకుంది. "మగపెళ్ళోళ్ళం. మనమే ఎదురెల్తామేటి? ఆళ్ళని దిగమను," అంది. సభలో సగం మంది తలలూపారు. ఒకాయన మా ముత్తాతల కాలంలో విడిది ఇంట్లో మంచాలు చాలలేదని పెళ్ళి తప్పిపోయిన కథ ఎత్తుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆళ్ళ ఊర్లో పసిపిల్లలున్నారు, ముసిలోళ్ళున్నారు," అన్నాను. "ఆళ్ళ కూలింగు మిషన్లు పాతవి. మనకైతే దుప్పట్లున్నాయి. నా తమ్ముడి పెళ్ళి, నానడుగుతున్నాను. మనమే లేద్దాం."

"నీకు భయమెక్కువే గాని, మాటలో నాయముంది," అంది సన్యాసమ్మ. అర కిలోమీటరు లేవడానికి తీర్మానమైంది. రేపటి నుంచి ఎల్లుండి పొద్దుటిదాకా. నింగివాడ మాత్రం అంగుళం కదలకూడదు, లేకపోతే నా లెక్క తప్పుతుంది.

రేడియోలో ఇది చెబితే తాతబ్బాయి గారు చాలా బాధపడ్డాడు. "మగపెళ్ళివారు మీరు కదలడమేంటండి? మేం కూకోడమేంటండి? నలుగురూ ఏమనుకుంటారండి?"

"ఈ నలుగురూ ఎక్కడున్నారండీ, ఉన్నవి రెండూళ్ళు," అన్నాను. "మీరు కదలొద్దు. మీకు దండం పెడతాను."

"ఆయ్, సరేనండి," అన్నాడు నసుగుతూ.

ఆ సరే నాకు నచ్చలేదు.

గురువారం. దూరం 770 కి.మీ. విమానం పంపరాదు.

బోర్డు మీద ఆ మాట రాసి మూడేళ్ళు దాటింది. పైకి లేస్తున్నాం కాబట్టి సాయంత్రానికి మారుతుందని కింద చిన్న అక్షరాలతో రాశాను. అయినా తమ్ముడు బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

ఊరంతా చలి. చెవులకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు పందిట్లో కూర్చుని అరిసెలు వత్తుతున్నారు, పాకం గట్టిపడిపోతోందని పొయ్యిని తిడుతున్నారు. పెళ్ళి సామాను తూకం వేశాం. విమానంలో పైలట్ పోలినాయుడు మావ కాకుండా ఐదుగురు వెళ్తారు, మనిషికి ఇన్ని కిలోలని లెక్క. విమానం గాల్లో ఉండగా దూరం చెప్పే మనిషి కుర్చీ వదలకూడదు. కాబట్టి పెళ్ళికి నేను వెళ్ళను. శనివారం వాళ్ళు తిరిగొచ్చాక పెళ్ళికూతురిని చూస్తాను.

"నువ్వు లేని పెళ్ళేటప్పా?" అన్నాడు గౌరి.

"ఈ కుర్చీలో నాను లేకపోతే నీకు దారేటి?" అన్నాను. వాడు నా పక్కన కూర్చుని బీకన్ గుడ్డ ఉతికి పెట్టాడు.

మధ్యాహ్నం రేడియోలో పెళ్ళికూతురు మేనత్త మాట్లాడింది. ఎదురుకోలు ఎక్కడ పెట్టుకుందామని ఆవిడ ప్రశ్న. పెళ్ళివారు ఊరు చేరకముందే ఆడపెళ్ళివారు ఎదురెళ్ళి, పానకం ఇచ్చి తీసుకురావాలి కదా. "గాల్లో ఎదురుకోలేటండీ, మీ ఏర్‌పోర్టు గుమ్మంలోనే కానీండి," అన్నాను. ఆవిడ నవ్వింది. తర్వాత తాతబ్బాయి గారు వచ్చి, పెళ్ళి పనుల మధ్య ఎందుకో, "రెండు కిలోమీటర్ల కింద గాలి ఎంత నెమ్మదిగా ఉందండమ్మా ఈమధ్య?" అని అడిగాడు. గంటకు ముప్పై ఐదు తక్కువ అని చెప్పాను. ఏదో ఊసుపోక అడిగాడనుకున్నాను.

సాయంత్రానికి 745. అన్నం తిన్నాను.

శుక్రవారం. దూరం 700 కి.మీ. ప్రయాణ సమయం 2 గంటల 48 నిమిషాలు.

ఉదయం ఎనిమిది. విమానం లేచింది. ఇద్దరి అంకె ఒకటే, 700, ఈసారి పేచీ లేదు. గౌరి బుగ్గన చుక్కతో, తలకు కట్టిన బాసికం చెదరకుండా రెండు చేతులతో పట్టుకుని ఎక్కాడు. "ఎల్లొస్తానప్పా," అన్నాడు. నేను ఏడవలేదు. ఏడిస్తే అంకెలు కనబడవు.

ఎనిమిది నలభై. నింగివాడ నుంచి పిలుపు. "అమ్మా, మనవాళ్ళు దారిలో ఉన్నారు గదండి? ఇక్కడ పానకం కలిపేసామండి. బ్యాండు మేళం..." గొంతు సన్నగిల్లిపోయింది. నూతిలోకి దిగుతూ మాట్లాడుతున్న మనిషిలాగా ఒక్కో మాటా అడుగుకు పోయింది. తర్వాత ఏమీ లేదు. పిలిచాను. పిలుస్తూనే ఉన్నాను.

తొమ్మిది. రేడియో మిషను బాగానే ఉంది, రెండుసార్లు చూశాను. సన్యాసమ్మ వచ్చింది. నింగివాడ బుడగ ఏమైనా పగిలిందేమోనని జనం గుంపుగా చేరారు. ఒకామె అప్పుడే శోకాలు మొదలుపెట్టింది.

నాకు నిన్నటి ప్రశ్న గుర్తొచ్చింది. రెండు కిలోమీటర్ల కింద గాలి.

"బుడగ పగల్లేదు," అన్నాను. "ఆళ్ళు దిగుతున్నారు. కావాలని దిగుతున్నారు."

"ఎందుకు దిగుతారే?" అంది సన్యాసమ్మ.

"ఎదురుకోలు."

ఆ మాటకు అక్కడున్న వాళ్ళెవరూ కాదనలేదు. దానికే నాకు మరీ భయం వేసింది. నింగివాడ వాళ్ళయితే చేస్తారని అందరికీ తెలుసు. పెళ్ళివారు బయల్దేరాక ఊరుకు ఊరే ఓ డెబ్బై కిలోమీటర్లు ఎదురొచ్చి, మూడు గంటల దారిని రెండున్నర చేసి, ఆశ్చర్యపరచాలని వాళ్ళ సరదా. దిగేముందు నన్ను అడిగితే వద్దంటానని చెప్పలేదు. వాళ్ళకు తెలియనిది ఒకటుంది. ఆ లోతున మబ్బు చిక్కన. ఊరి పెద్ద రేడియో గొంతే అందులోంచి పైకి రాలేదంటే, బీకన్ చిన్న కూత ఏం వస్తుంది? విమానం సరిగ్గా వాళ్ళ నెత్తి మీదుగా వెళ్ళిపోతుంది. ఒక్క చప్పుడూ వినబడదు.

వాళ్ళు దగ్గరికొచ్చారు. దగ్గరికి రావడం వల్లే దొరక్కుండా పోయారు.

తొమ్మిది పది. విమానంలో రేడియో చిన్నది, రెండొందల కిలోమీటర్లు దాటితే అందదు. దాటేసింది. మేం ఇంకో కిలోమీటరు లేస్తే గాలి పల్చన, మాట ఇంకా దూరం పోతుంది. కాని తొందరగా లేవాలంటే బరువు దించాలి. ఊళ్ళో ఉన్న పెద్ద బరువు నీళ్ళు. మూడు నెలల తాగునీళ్ళు.

నా తమ్ముడి కోసం ఊరి నీళ్ళు అడగడమంటే మాటలా. సన్యాసమ్మే అడిగింది. "ఎంత వదలాలి?"

"రెండు ట్యాంకులు."

"వదిలీయండి," అంది మనుషులతో. "రేపటి సంగతి రేపు సూద్దాం."

తొమ్మిదిన్నర. ఊపిరి తీస్తే ముక్కులు మండుతున్నాయి. కిటికీ మీద మంచు. విమానం 375 దగ్గర ఉండాలి. పన్నెండుసార్లు పిలిచాక పోలినాయుడు మావ గొంతు దొరికింది, గింజలు వేగుతున్నట్టు చిటపటల మధ్య.

జరిగింది చెప్పాను. "ఎనక్కి తిప్పీండి మావా. ఇప్పుడు తిరిగితే గంటన్నరలో ఇక్కడుంటారు. బ్యాటరీ బోల్డంత ఉంటాది."

"తిప్పీస్తాను తల్లీ," అన్నాడు.

అప్పుడు గౌరి మైకు తీసుకున్నాడు.

"అప్పా, మరాళ్ళో?"

"ఆళ్ళు లేస్తార్రా. మీరు రాలేదని తెలిసి లేస్తారు."

"ఎప్పుడు లేస్తారు?"

వాడికీ తెలుసు, నాకూ తెలుసు. సగం రోజు విమానం రాకపోతే పచ్చి మంచినీళ్ళు ముట్టని మనుషులు. పెళ్ళివారు దారిలో ఉన్నారనుకుంటున్నారు. చుట్టం దారిలో ఉండగా లేచి చల్లటి చోటికి పోతే బాగోదనుకుంటారు. అక్కడ రోళ్ళు పగిలే ఎండ. వాళ్ళ కూలింగు మిషన్లు పాతవి.

రాస్తున్నాను, దాచను. ఆ క్షణంలో నింగివాడ ఏమైపోతే నాకేమిటి, వీడొస్తే చాలు అనుకున్నాను. అంత మాటా గొంతుదాకా వచ్చింది.

"నువ్వు లెక్క కట్టి సెప్పు, మేం దిగుతాం," అన్నాడు గౌరి. "ఆళ్ళు ఎక్కడుంటారో నీకు తప్ప ఇంకెవురికి తెలుసు?"

"దిగినాక దొరక్కపోతే మళ్ళీ లేవలేర్రా. ఆ వేడికి రెక్కలకంటించిన అట్ట ఊడొచ్చేస్తాది. పోలినాయుడు మావనడుగు."

"అడిగినాను. నువ్వు సెప్తే దిగుతానంటున్నాడు. మిగిలినోళ్ళు కూడాను."

చిటపటలు ఎక్కువయ్యాయి. విమానం ముందుకు పోతూనే ఉంది, ఇంకో నాలుగు నిమిషాలకు అందదు. పదకొండేళ్ళలో నేను ఒంటరిగా అంకె చెప్పలేదు. ఎప్పుడూ అవతల ఇంకో అంకె ఉండేది, పెద్దది తీసుకునేవాళ్ళం. ఇప్పుడు పెద్దది చెబితే ఊరు దాటేస్తారు. చిన్నది చెబితే ఊరు చేరకుండానే దిగిపోతారు. భయపడి పెద్దది చెప్పడం తప్ప నాకు ఇంకోటి చేతకాదు, ఈ లెక్కకు అది పనికిరాదు.

తాతబ్బాయి గారు ఎప్పుడు దిగడం మొదలుపెట్టి ఉంటాడు? విమానం లేచిందని నేను చెప్పగానే కాదు. బ్యాండు మేళం వాళ్ళు వచ్చేదాకా ఆగుతాడు. మేళం లేకుండా ఎదురుకోలేమిటి. ఆయన గొంతు మునగడం మొదలైంది ఎనిమిది నలభైకి. అంటే ఎనిమిదిన్నర. గంటకు ముప్పై ఐదు చొప్పున వెనక్కి. వీళ్ళు గంటకు రెండొందల యాభై చొప్పున ముందుకు.

"బయల్దేరిన కాడ నుంచి ఆరొందల ముప్పై," అన్నాను. "గడియారంలో పది ముప్పై ఒకటికి ఆళ్ళ నెత్తిమీద ఉంటారు. ఆ కాడే దిగండి. రెండు కిలోమీటర్లు. సెవులు పెట్టి ఇనండి."

"ఆరొందల ముప్పై," అన్నాడు గౌరి. ఇంకేదో అన్నాడు. వినబడలేదు.

పది ముప్పై ఒకటి. ఈ గడియారానికి సెకన్ల ముల్లు ఎందుకు పెట్టారు.

పది నలభై ఎనిమిది. బోర్డు ప్రకారం వాళ్ళు చేరాల్సిన టైము ఇది. నింగివాడ నుంచి ఏమీ లేదు. కింద ఉన్నంతసేపూ ఏమీ ఉండదని నాకు తెలుసు. తెలిసినా పిలుస్తున్నాను.

పన్నెండు. లెక్క మళ్ళీ కట్టాను. 630. మళ్ళీ కట్టాను. ఒకవేళ మేళం ముందే వచ్చేసి ఉంటే? ఎనిమిదికే దిగి ఉంటే? అప్పుడు 614. పదహారు కిలోమీటర్లు తేడా. ఆ చిక్కటి మబ్బులో బీకన్ కూత ఎంత దూరం పోతుందో ఎవరూ కొలవలేదు. పది పోతుందో, ఇరవయ్యో. రాములమ్మ గంజి తెచ్చిపెట్టి వెళ్ళిపోయింది. దాని మీద పొర కట్టింది.

రెండు. ఆరు గంటలు అయిపోయాయి. ఇప్పుడు విమానం గాల్లో లేదు. ఎక్కడో దిగి ఉంది, లేదంటే అసలు లేదు.

సన్యాసమ్మ నా పక్కనే కూర్చుంది. ఆమె నాకేమీ ధైర్యం చెప్పలేదు, దానికి ఆమెకు రుణపడి ఉంటాను. చలికి ఊళ్ళో పిల్లలు దగ్గుతున్నారు. కిందికి దింపుదామంటే కూడా ఆమె ఒప్పుకోలేదు. "మాట ఇనబడే ఎత్తున ఉందాం," అంది.

రెండున్నర. నేనే చంపుకున్నానని నాలో నేను అనేసుకున్నాను. ఒకసారి అన్నాక ఆ మాట వదల్లేదు.

రెండూ నలభై ఐదు. రేడియోలో చిటపట. దగ్గు. మళ్ళీ దగ్గు. తర్వాత తాతబ్బాయి గారి గొంతు, పూర్తిగా బొంగురుపోయి.

"అమ్మా. అందరూ దిగారండి. ఆరుగురూ."

నేను బల్ల మీద తల పెట్టేశాను. సన్యాసమ్మే మైకు తీసుకుని అడగాల్సినవి అడిగింది. పదీ ముప్పై నాలుగుకే విమానం వాళ్ళ ఏర్‌పోర్టులో దిగిందట. దిగిన వెంటనే లేవడం మొదలుపెట్టారట గాని, దిగడానికి గ్యాసు వదిలేశారు కదా, ఆ వేడిలో ఊరు నాలుగు గంటలు పాక్కుంటూ పైకి వచ్చింది. పందొమ్మిది మంది ఆస్పత్రిలో ఉన్నారు. ఇద్దరు పెద్దవాళ్ళు ఇంకా కళ్ళు తెరవలేదు.

తర్వాత గౌరి వచ్చాడు.

"అప్పా, ఆళ్ళు రన్‌వే మీదే నిలబడున్నారు," అన్నాడు. "ఊరంతా. పట్టుబట్టలు కట్టుకోనీసి, బిందెలు పట్టుకోనీసి. బిందెలు సెయ్యి కాలిపోతున్నాయి, గుడ్డలేసి పట్టుకున్నారు. సగం మంది కూలబడిపోనారు. ఒక్కరు లోపలికెల్లలేదప్పా. మేం రాకపోతే సాయంత్రందాకా అలాగే ఉందురు."

"నువ్వు తాగినావా, పానకం?" అన్నాను. ఎందుకడిగానో నాకు తెలియదు.

"తాగినాను. నాలిక కాలిపోయింది."

శనివారం. దూరం 545 కి.మీ. ప్రయాణ సమయం

ఆ గడి ఖాళీగా వదిలాను. మూడేళ్ళలో రెండు ఊళ్ళూ ఇంత దగ్గరగా లేవు. వెళ్ళడానికి విమానం లేదు. రెక్కల అట్టంతా ఊడిపోయింది, బ్యాటరీలో సగం ఉబ్బిపోయింది. కొత్తవి చెయ్యడానికి కావలసినవి రెండు ఊళ్ళలోనూ లేవట. భూమి నుంచి ఈసారి వచ్చే ఓడలో వస్తాయేమో, ఆ ఓడ ఎప్పుడో. వియ్యాలవారు ఇద్దరం ఎదురెదురు వాకిళ్ళలో ఉన్నట్టే ఉన్నాం, మధ్యలో దాటడానికి బల్లకట్టు లేదు.

పెళ్ళి ఈ ఉదయం అయిపోయింది. ఆస్పత్రి వరండాలో, పడుకున్నవాళ్ళ మంచాల మధ్యన చేశారట. కళ్ళు తెరవని ఇద్దరిలో ఒకావిడ, తాయారు నాయనమ్మ, తెల్లారేలోగా పోయింది. పెళ్ళి ఆపుదామంటే ఆవిడ కొడుకులే ఒప్పుకోలేదు. గౌరి నాకు రేడియోలో మంగళసూత్రం కట్టే చప్పుడు వినిపించాలని చూశాడు. చప్పుడేముంటుంది. విన్నానని చెప్పాను.

ఊళ్ళో మనిషికి రోజుకు నాలుగు చెంబుల నీళ్ళు. వీధిలో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. రాములమ్మ బోర్డు చూసి, ఖాళీ గడి చూసి, నా భుజం మీద చెయ్యేసి వెళ్ళింది.

మధ్యాహ్నం తాతబ్బాయి గారు పిలిచాడు. చాలాసేపు దగ్గుతూ ఉండిపోయాడు. "మీరు కదలొద్దన్నారండి," అన్నాడు చివరికి. "నేను సరేనన్నానండి. పోయినావిడ నా మేనత్తండి. ఎంత కూడబలుక్కున్నా ఇంకో మాట రావట్లేదండి."

ఆయన్ని తిట్టడానికి నేను నిన్నటి నుంచి మాటలు పోగుచేసుకున్నాను. ఒక్కటీ బయటికి రాలేదు. ఈ పదకొండేళ్ళలో ఆయన ఏడుస్తుంటే నేను వినడం ఇదే మొదలు.

తర్వాత ముక్కు చీదుకున్నాడు. "మీ తమ్ముడూ మరదలూ మీ దగ్గరికి రాలేరు గదండి ఇప్పుడు. మీరూ రాలేరు. మరి ఊరే దగ్గరికొత్తే... మీరు పైన, మేం కింద, అలా దాటేటప్పుడు తాడేసి బుట్టలో పంపొచ్చని గౌరినాయుడు గారు అంటన్నారండి. మా వాళ్ళంతా రెడీగా ఉన్నారు. మేమే వచ్చేత్తామండి. మీరేం కదలక్కర్లేదండి."

నా నోటికి ముందు వచ్చిన మాట "కదలకండి" అని. నాలిక చివరిదాకా వచ్చింది. ఆ చిక్కటి మబ్బూ, ఆ బిందెలూ నేను చూడకుండానే కళ్ళముందున్నాయి.

"రండి," అన్నాను. "ఎప్పుడు దిగుతారో, ఎంత దిగుతారో, చెప్పి రండి."

అవతల కాగితం తిప్పుతున్న చప్పుడు. తర్వాత ఆయన దిగే టైమూ, దిగే లోతూ రెండు అంకెలు చెప్పాడు. నేను రాసుకుని, ఆయనకు తిరిగి చదివి వినిపించాను.